పాత లారీ ఇంజిన్: హెడ్ గ్యాస్కెట్ ఎందుకు పోతుంది, పోకుండా ఎలా నడపాలి

పాత లారీ ఇంజిన్‌లో హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లుండే బ్లాకుకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య ఉండే రేకు) పోతే హెడ్ దించి, కొత్తది వేసి, వీలైనంత త్వరగా బండిని లోడుకు పంపడం మామూలుగా జరిగే పని. కొన్ని నెలలు తిరగకముందే అదే సిలిండరు దగ్గర మళ్ళీ కొట్టేస్తే గ్యాస్కెట్ నాసిరకమని సరిపెట్టుకోవడం కూడా మామూలే. కానీ గ్యాస్కెట్ తన లోపం వల్ల తానే పోవడం అరుదు. హెడ్ వంగడమో, లైనరు (సిలిండరు లోపలి గొట్టం) దిగిపోవడమో, నీళ్ళు సరిగా తిరగకపోవడమో, డీజిల్ అతిగా పడడమో అంతకుముందే జరిగి ఉంటుంది. ఆ కారణాన్ని పట్టుకోకుండా వేసిన కొత్త గ్యాస్కెట్ కూడా పాతదాని దారిలోనే పోతుంది. ఇక్కడ ప్రధానంగా పాత డీజిల్ ఇంజిన్ గురించి చెబుతాను. పెట్రోలు ఇంజిన్‌లో తేడా ఉన్నచోట దానిని ప్రస్తావిస్తాను. ఇచ్చిన కొలతలు సాధారణంగా కనిపించేవి. మీ ఇంజిన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి.

గ్యాస్కెట్ మీద పడే భారం

బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే ఈ రేకు ఒకేసారి మూడింటిని ఆపాలి: సిలిండరులో మండే వాయువులను, చుట్టూ తిరిగే నీళ్ళను, పైకి వెళ్ళి కిందికి దిగే ఆయిల్‌ను. వీటిలో కష్టమైనది మొదటిదే. 110 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండరు వైశాల్యం సుమారు 95 చదరపు సెంటీమీటర్లు. డీజిల్ మండే క్షణంలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 100 కిలోల దాకా పెరిగితే, ఆ ఒక్క సిలిండరే హెడ్‌ను తొమ్మిది టన్నులకు పైగా బలంతో పైకి ఎత్తజూస్తుంది. ఆ ఎత్తుడు హెడ్‌ను కదిలించకుండా ఆపేది బోల్టుల బిగింపు మాత్రమే. గ్యాస్కెట్ తన బలంతో ఒత్తిడిని ఆపదు. రెండు ఇనుప ముఖాల మధ్య అది గట్టిగా నలిగి ఉన్నంతసేపే వాయువుకు దారి దొరకదు.

బోల్టును చెప్పిన టార్కుకు (తిప్పుడు బలానికి) బిగించినప్పుడు అది మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతుల మేర సాగుతుంది, ఆ సాగుదలే స్ప్రింగులా హెడ్‌ను కిందికి అదిమి పట్టుకుంటుంది. కొత్త గ్యాస్కెట్ మొదటి కొన్నిసార్లు వేడెక్కి చల్లారేటప్పుడు మరికాస్త అణుగుతుంది. అది 0.05 మిల్లీమీటరు అణిగినా, 0.3 మిల్లీమీటరు సాగిన బోల్టులో ఆరో వంతు బిగింపు పోయినట్టే. పాత ఇంజిన్లకు కొద్దిపాటి పరుగు తర్వాత మళ్ళీ బిగించమని మాన్యువల్ చెప్పేది ఇందుకే. ఆ పనిని చాదస్తమని దాటవేసిన ఇంజిన్లు తక్కువేమీ కాదు.

వేడి చేసే నష్టం

గ్యాస్కెట్ పోవడానికి ఉన్న కారణాలన్నిటిలో అతి వేడిదే పెద్ద వాటా. 800 మిల్లీమీటర్ల పొడవున్న ఇనుప హెడ్ 20 డిగ్రీల నుంచి 90 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే సుమారు 0.6 మిల్లీమీటరు పొడవు పెరుగుతుంది. అల్యూమినియం హెడ్ అయితే దాదాపు అంతకు రెట్టింపు. ఇంజిన్ స్టార్టయిన ప్రతిసారీ హెడ్ మొదట వేడెక్కి బ్లాకు తర్వాత వేడెక్కుతుంది కాబట్టి, ఆ కాసేపు రెండు ముఖాలూ గ్యాస్కెట్‌ను అటూ ఇటూ రాపిడి పెడతాయి. రోజూ జరిగే ఈ రాపిడిని తట్టుకునేలాగే గ్యాస్కెట్‌ను తయారు చేస్తారు. నీళ్ళు తగ్గి హెడ్‌లో ఒక భాగం మాత్రం విపరీతంగా కాగినప్పుడు కథ వేరు. కాగిన చోట ఇనుము వ్యాకోచించబోతుంది, చుట్టూ ఉన్న చల్లని ఇనుమూ బోల్టులూ దానిని కదలనివ్వవు, దాంతో ఆ భాగం నలిగి, చల్లారాక పాత ఆకారానికి తిరిగి రాదు. హెడ్ వంగడమంటే ఇదే. ఎగ్జాస్టు, ఇన్లెట్ వాల్వు సీట్ల మధ్య పగులు రావడానికీ ఇదే కారణం.

కాగిన ఇంజిన్‌లో చన్నీళ్ళు పోయడం అంతకంటే చెడ్డ పని. రేడియేటర్ ఖాళీ అయిందని గమనించిన వెంటనే బకెట్‌తో నీళ్ళు కుమ్మరిస్తే, అప్పటిదాకా బాగున్న హెడ్ కూడా పగలవచ్చు.

నీళ్ళ వ్యవస్థ

పాత లారీలలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. ఎక్కడ దొరికితే అక్కడి నీళ్ళు పోసి నడిపిన ఇంజిన్ లోపల సున్నపు పొర పేరుకుంటుంది. ఒక మిల్లీమీటరు మందం పొర వేడికి కనీసం రెండు సెంటీమీటర్ల ఇనుమంత అడ్డుపడుతుంది. లైనరు బయటివైపు అలాంటి పొర ఉన్నప్పుడు గేజి మామూలుగానే చూపిస్తున్నా లోపలి ఇనుము కాగిపోతూ ఉంటుంది. ఉత్త నీళ్ళ వల్ల వచ్చే తుప్పు బ్లాకు ముఖం మీద నీటి రంధ్రాల అంచులను తినేస్తుంది, అక్కడ గ్యాస్కెట్ ఆనడానికి చోటే మిగలదు. కాబట్టి ఖనిజాలు లేని నీళ్ళలో మాన్యువల్ చెప్పిన కూలెంటును చెప్పిన పాళ్ళలో కలిపి వాడాలి. చలి లేని ప్రాంతంలో కూలెంటు ఎందుకని అడిగేవారికి సమాధానం తుప్పే. సగం నీళ్ళు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన ద్రవం రేడియేటర్ మూత నిలిపే ఒత్తిడి లేకున్నా సుమారు 107 డిగ్రీల వరకు మరగదన్నది అదనపు లాభం.

రేడియేటర్ మూతను చిన్న వస్తువుగా చూడకూడదు. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడిని నిలిపే మూత ఉంటే ఉత్త నీళ్ళు కూడా సుమారు 111 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే 100 డిగ్రీలకే మరుగుతాయి, 1,500 మీటర్ల ఎత్తున్న కొండదారిలో 95 డిగ్రీలకే. హెడ్‌లో ఆవిరి బుడగ కట్టిన చోట నీరు ఇనుమును తాకదు; గ్యాస్కెట్ కాలడం అక్కడ మొదలవుతుంది.

ఇంజిన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను (నీళ్ళు వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వును) పీకి పారేయడం ఒక అలవాటుగా స్థిరపడిపోయింది, దానిని నేను ఏమాత్రం ఒప్పుకోను. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే బైపాస్ తెరిచే ఉండి, వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వస్తుంది. తేలిక లోడులో ఇంజిన్ చల్లగా నడిచి ఆయిల్ జిడ్డు కడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం వేడెక్కుతుంది. థర్మోస్టాట్ మీద అనుమానం ఉంటే దానిని నీళ్ళ గిన్నెలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి కాచి చూస్తే చాలు. దాని మీద ముద్రించిన డిగ్రీకి అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలుపెట్టి, మరో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి.

మిగిలినవి త్వరగా చూసుకోవచ్చు. ఫ్యాన్ బెల్టు బిగువు, రేడియేటర్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మూ ఆయిల్ మడ్డీ, ఫ్యాన్ చుట్టూ ఉండే కవచం ఊడిపోకుండా ఉందా లేదా, కింది హోస్ పైపు ఇంజిన్ రేసు చేసినప్పుడు లోపలికి పీల్చుకుపోతోందా అన్నవి ఒక్కసారి చుట్టూ తిరిగితే తెలిసిపోతాయి. వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి, ఫ్యాన్ నిలిచాక, రేడియేటర్ ముఖం మీద చేతిని దగ్గరగా కదిలిస్తే పూడిపోయిన గొట్టాలున్న చోట చల్లదనం తగులుతుంది.

డీజిల్ పంపు, టైమింగ్, లోడు

బండి బాగా లాగాలని పంపు మీద డీజిల్ పరిమితి స్క్రూను తిప్పడం పాత లారీలలో తరచుగా కనిపించే ప్రయోగం. లాగుడు కాస్త పెరుగుతుంది, దాంతోపాటు నల్లపొగ, ఎగ్జాస్టు వేడి, సిలిండరు ఒత్తిడి కూడా పెరుగుతాయి. టైమింగ్‌ను ముందుకు జరిపితే డీజిల్ పిస్టను ఇంకా పైకి వస్తున్నప్పుడే ఎక్కువగా మండి, గరిష్ఠ ఒత్తిడి మామూలు స్థాయిని దాటుతుంది; ఇంజిన్ శబ్దం పదునుగా, లోహం మీద కొట్టినట్టు మారుతుంది. ధారగా కారే ఇంజెక్టరు నాజిల్ ఒక్క సిలిండరులోనే ఈ నష్టం చేస్తుంది. ప్రతిసారీ ఒకే సిలిండరు దగ్గర గ్యాస్కెట్ పోతుంటే లైనరుతో పాటు ఆ నాజిల్‌ను కూడా పరీక్షించాలి. పెట్రోలు ఇంజిన్‌లో ఇదే పాత్రను నాకింగ్ (పెట్రోలు అదుపు లేకుండా పేలినట్టు మండడం) పోషిస్తుంది.

తక్కువ తిరుగుడులో పెద్ద గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఎత్తు ఎక్కించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే వాటర్ పంపూ ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతాయి, సిలిండరులో మంట మాత్రం పూర్తి స్థాయిలో ఉంటుంది. గేరు తగ్గిస్తే డీజిల్ ఎక్కువవుతుందన్న భయంతో ఇలా నడిపేవారు హెడ్‌కు, బేరింగులకు, గ్యాస్కెట్‌కు కలిపి మూల్యం చెల్లిస్తారు. చలిలో స్టార్టు కావడానికి ఈథర్ స్ప్రే కొట్టడం మరొక ప్రమాదం. అది డీజిల్ కంటే ముందే, అదుపు లేకుండా పేలినట్టు మండుతుంది. పిస్టను రింగులు విరగడానికీ గ్యాస్కెట్ కొట్టేయడానికీ అది చాలు.

రోజూ నడిపే పద్ధతి

ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి నీళ్ళు, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడాలి. నీళ్ళ మట్టం ఎక్కడుందో రోజూ ఒకే గుర్తుతో పోల్చి చూస్తేనే రాత్రికి రాత్రి తగ్గుతున్న సంగతి పట్టుబడుతుంది. స్టార్టు చేశాక ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా చూసి, కొద్ది నిమిషాలు సాధారణ వేగంలో తిరగనిచ్చి, గేజి ముల్లు కదిలేదాకా తేలికగా నడపాలి. చల్లని ఇంజిన్‌ను స్టార్టు చేసిన వెంటనే రేసు చేయడం, నిండు లోడుతో ఎత్తు ఎక్కించడం మానుకోవాలి. ఎత్తు ఎక్కి వచ్చిన బండిని ఆపిన మరుక్షణమే ఇంజిన్ ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. ఆపగానే నీటి ప్రవాహం నిలిచిపోతుంది, హెడ్‌లోని వేడి మాత్రం అలాగే ఉండి అక్కడి నీటిని మరిగిస్తుంది. టర్బో ఉన్న ఇంజిన్‌కు ఇది మరీ ముఖ్యం.

టెంపరేచర్ గేజిని నమ్మాలి కానీ దాని పరిమితి తెలిసి నమ్మాలి. దాని సెన్సారు నీళ్ళలో మునిగి ఉంటేనే సరైన అంకె చూపిస్తుంది. నీళ్ళు సెన్సారు మట్టం కంటే కిందికి దిగిపోతే ముల్లు పెరగడానికి బదులు తగ్గవచ్చు, లేదా అటూ ఇటూ ఊగవచ్చు. ఎత్తు ఎక్కుతున్న బండిలో ముల్లు అకస్మాత్తుగా పడిపోతే సంతోషించకుండా వెంటనే పక్కకు తీసి ఆపాలి.

ముల్లు ఎర్ర గీతను చేరుతోంది, నీళ్ళు మాత్రం ఉన్నాయని తెలిస్తే, బండిని ఆపి న్యూట్రల్‌లో ఐడిల్ కంటే కాస్త ఎక్కువ వేగంలో తిరగనివ్వడం మేలు. నీళ్ళు పోయాయని తెలిసినా, హోస్ పగిలినా, బెల్టు తెగినా ఇంజిన్‌ను వెంటనే ఆపేయాలి. మూతను మాత్రం చల్లారేదాకా ముట్టుకోకూడదు. ఒత్తిడి కింద ఉన్న నీరు మూత తెరవగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. చేయి ఆనించి ఉంచగలిగేంత చల్లారాక ఇంజిన్ స్టార్టు చేసి, ఐడిల్‌లో తిరుగుతుండగా గోరువెచ్చని నీళ్ళను సన్నగా పోయాలి.

గ్యాస్కెట్ పోయిందని తేల్చుకోవడం

ఎక్కడ తెగిందనే దాన్ని బట్టి గుర్తులు మారతాయి. సిలిండరు నుంచి నీళ్ళలోకి దారి పడితే హోస్ పైపులు స్టార్టయిన కొద్దిసేపటికే, నీళ్ళు ఇంకా వేడెక్కకముందే, రాయిలా గట్టిపడతాయి. నీళ్ళు పొంగి బయటికి పోతాయి. సైలెన్సర్ నుంచి తెల్లని ఆవిరి ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగదు. పక్కపక్క సిలిండర్ల మధ్య తెగితే నీళ్ళు తగ్గవు, ఆ రెండూ బలం తగ్గి ఇంజిన్ మిస్ కొడుతుంది. నీళ్ళు ఆయిల్‌లో కలిస్తే డిప్‌స్టిక్ మీద పాల కాఫీ రంగు వస్తుంది. ఆయిల్ పోసే మూత లోపలివైపు మాత్రమే ఆ రంగు నురగ ఉంటే తొందరపడవద్దు, తక్కువ దూరాలు తిరిగే ఇంజిన్‌లో తేమ వల్ల కూడా అది వస్తుంది.

అన్నిటికంటే సులువైన పరీక్ష బుడగలదే. చల్లని ఇంజిన్‌కు ఫ్యాన్ బెల్టు తీసేసి, వాటర్ పంపు నీటిని కదిలించకుండా చేసి, రేడియేటర్‌ను మెడ దాకా నింపి, మూత తెరిచి ఉంచి స్టార్టు చేయాలి. మొదటి నిమిషంలోనే బుడగలు ఆగకుండా వరుసగా వస్తుంటే నీళ్ళలోకి వాయువు చేరుతోందన్నమాట. పంపు తిరగడం లేదు కాబట్టి ఈ పరీక్షను ఒకటి రెండు నిమిషాలకు మించి కొనసాగించకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎయిర్ బ్రేకులున్న లారీలో గాలి కంప్రెసరు కూడా సాధారణంగా ఇంజిన్ నీళ్ళతోనే చల్లబడుతుంది. కంప్రెసరు సొంత గ్యాస్కెట్ పోయినా, దాని హెడ్ పగిలినా, గాలి నీళ్ళలోకి చేరి సరిగ్గా ఇవే బుడగలను పుట్టిస్తుంది. గాలి ట్యాంకు నిండి కంప్రెసరు భారం తప్పుకున్న క్షణంలో బుడగలు ఆగిపోతే లేదా బాగా తగ్గితే దోషి కంప్రెసరే. దాని నీటి గొట్టాలను విడదీసి వాటిని ఒకదానితో ఒకటి కలిపి మళ్ళీ పరీక్షిస్తే సందేహం తీరిపోతుంది. అలాగే నీళ్ళలో ఆయిల్ కనిపిస్తే గ్యాస్కెట్‌ను అనడానికి ముందు ఆయిల్ కూలర్‌ను ఒత్తిడి పెట్టి చూడాలి. అవసరం లేకుండా హెడ్ దించిన సందర్భాలలో చాలా వాటికి మూలం ఈ రెండు పొరపాట్లే.

ఏ సిలిండరో తెలియాలంటే సిలిండరులో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతోందో కొలిచే కంప్రెషన్ గేజి పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజిన్‌లో సాధారణంగా చదరపు అంగుళానికి 350 నుంచి 450 పౌండ్ల వరకు వస్తుంది. అంకె ఎంతన్న దానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. పక్కపక్క రెండు సిలిండర్లు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ తెగినట్టు దాదాపుగా నిర్ధారించుకోవచ్చు. రాత్రంతా నీళ్ళు సిలిండరులోకి దిగి ఉంటాయనే అనుమానం ఉంటే ఉదయం సెల్ఫ్ కొట్టకూడదు. నీరు కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇంజెక్టర్లు తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి, నీళ్ళను బయటికి రానివ్వాలి.

దించిన గ్యాస్కెట్‌ను చదవడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హెడ్ బోల్టులను, బిగించే వరుసకు ఎదురు వరుసలో, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. వేడి మీద విప్పితే మంచి హెడ్ కూడా వంగుతుంది. హెడ్ ఎత్తిన వెంటనే దేనినీ తుడవకుండా, గీకకుండా, ముందు కళ్ళతో చూడాలి. పాత గ్యాస్కెట్‌లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి దానిని పొడిగా గీకకూడదు, వైర్ బ్రష్ యంత్రం పెట్టకూడదు. తడిపి, మాస్కు కట్టుకుని తీయాలి.

గ్యాస్కెట్‌ను బల్ల మీద పరచి సిలిండరు రంధ్రాల చుట్టూ ఉన్న లోహపు అంచును ఒక్కొక్కటిగా పరిశీలించండి. బాగా నలిగిన చోట ఆ అంచు చదునుగా, ఒకే మెరుపుతో ఉంటుంది. వాయువు తప్పించుకున్న చోట నల్లని సన్న చార అంచును దాటి నీటి రంధ్రం వైపో, పక్క సిలిండరు వైపో వెళుతుంది. నీళ్ళు దిగిన సిలిండరులో పిస్టను తల మీద మసి ఉండదు, కడిగినట్టు ఇనుము బయటపడి ఉంటుంది. ఒక్క సిలిండరు చుట్టూ మాత్రమే నొక్కుడు ముద్ర తేలికగా పడి ఉంటే ఆ లైనరు దిగిపోయినట్టు అనుమానించాలి. హెడ్ రెండు చివరలా ముద్ర తేలికగా ఉంటే హెడ్ వంగి ఉండాలి, లేదా బోల్టులు సరిగా బిగిసి ఉండవు. రెండు సిలిండర్ల మధ్య ఇరుకైన చోట కాలిపోయి ఉంటే అతి ఒత్తిడి, అతి వేడి గుర్తుకు రావాలి. నీటి రంధ్రాల అంచులు తుప్పుతో కరిగి ఉంటే కారణం కూలెంటు లేని నీళ్ళే.

ఆ తర్వాతే కొలతలు. స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (ఖచ్చితంగా నిటారుగా ఉండే పట్టీని) హెడ్ మీద నిలువుగా, అడ్డంగా, రెండు మూలలకూ ఆనించి, కింది సందును ఫీలర్ గేజి (మందం తెలిసిన పలుచని రేకులు) తో చూడాలి. పొడవునా 0.10 మిల్లీమీటరు, అడ్డంగా 0.05 మిల్లీమీటరు దాటితే చాలా ఇంజిన్లలో ఫేసింగ్ (ముఖాన్ని యంత్రం మీద చదును చేయడం) అవసరమవుతుంది. అయితే ఫేసింగ్‌కు పరిమితి ఉంటుంది. డీజిల్ హెడ్‌లో ఎక్కువ తీసేస్తే వాల్వులు పిస్టనుకు దగ్గరవుతాయి, ఇంజెక్టరు మొన ఎక్కువగా బయటికి వస్తుంది. బ్లాకు ముఖాన్ని కూడా అదే విధంగా చూడాలి. హెడ్‌ను మాత్రమే చూసి బ్లాకును వదిలేస్తే సగం పనే అవుతుంది.

వెట్ లైనర్లు (బయటివైపు నీళ్ళు నేరుగా తాకే లైనర్లు) ఉన్న ఇంజిన్‌లో లైనరు అంచు బ్లాకు ముఖం కంటే కొంచెం పైకి ఉండాలి. చాలా ఇంజిన్లలో ఆ ఎత్తు 0.05 నుంచి 0.15 మిల్లీమీటరు మధ్య ఉంటుంది. లైనరును అదిమి పట్టి, డయల్ గేజితో నాలుగు చోట్ల కొలవాలి. బ్లాకులో లైనరు కూర్చునే మెట్టు తుప్పు పట్టినా, అరిగినా లైనరు దిగిపోతుంది, దాని చుట్టూ గ్యాస్కెట్ నలగదు. ఎన్నిసార్లు గ్యాస్కెట్ మార్చినా నిలవని ఇంజిన్లలో నేను అన్నిటికంటే ముందు అనుమానించేది ఈ మెట్టునే.

కొత్తది వేసేటప్పుడు

బ్లాకులోని బోల్టు రంధ్రాలను మరలు కోసే ట్యాపుతో శుభ్రం చేసి, గాలి కొట్టి, అడుగున చుక్క ఆయిల్ గానీ నీళ్ళు గానీ లేకుండా ఆరబెట్టాలి. అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం మిగిలితే బోల్టు దానిని అదిమి బ్లాకునే పగలగొడుతుంది, లేదా బోల్టు దిగకుండానే టార్క్ రెంచి టిక్కుమంటుంది. మనం పెట్టే టార్కులో సుమారు పదింట తొమ్మిది వంతులు మరల రాపిడికీ, బోల్టు తల కింది రాపిడికీ పోతాయి. తుప్పు పట్టిన మరల మీద రెంచి సరైన అంకె చూపించినా బోల్టు సాగి ఉండదు. మరలకూ, బోల్టు తల కిందా మాన్యువల్ చెప్పిన నూనె పలుచగా రాయాలి. మెడ సన్నబడిన బోల్టులను, కోణం కొలిచి బిగించే రకం బోల్టులను మళ్ళీ వాడకూడదు.

గ్యాస్కెట్ మీద ఏ మురికి ముద్రా పడకుండా, పై ముఖం ఏదో చూసి, తయారీదారు చెప్పనంతవరకు ఏ పేస్టూ పూయకుండా పొడిగానే వేయాలి. బోల్టులను మధ్య నుంచి బయటికి, మూడు దశలలో, ఉదాహరణకు ముందు మూడో వంతు, తర్వాత మూడింట రెండు వంతులు, చివరికి పూర్తి టార్కుకు బిగించాలి. రెంచిని కుదుపు లేకుండా ఒకే లాగుడులో తీసుకురావాలి.

తర్వాత టాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేసి, గాలి బుడగలు మిగలకుండా నీళ్ళు నింపి, ఇంజిన్‌ను పని వేడికి తెచ్చి, ఆపి చల్లారనివ్వాలి. మళ్ళీ బిగించమని చెప్పిన రకం గ్యాస్కెట్ అయితే, అదే వరుసలో ఒక్కొక్క బోల్టును పావు చుట్టు వదులు చేసి వెంటనే పూర్తి టార్కుకు తేవాలి. వదులు చేయకుండా నేరుగా బిగిస్తే పట్టేసిన మరల రాపిడి రెంచిని మోసం చేస్తుంది. రెండో బిగింపుతో హెడ్ కాస్త కిందికి దిగుతుంది కాబట్టి టాపెట్ల సందు మారుతుంది, దానిని తిరిగి సరిచూడాలి. మొదటి కొన్ని రోజులు బండికి నిండు లోడు వేయకుండా, ప్రతి ఉదయం చల్లని ఇంజిన్ మీద నీళ్ళ మట్టాన్నీ డిప్‌స్టిక్‌నూ చూస్తూ ఉండాలి. ఆ తర్వాత మాన్యువల్ మరో బిగింపు అడిగితే అదీ పూర్తి చేసి, టాపెట్లు చూసి, హెడ్ కవరు మూయాలి.